బొట్టు పెట్టిన డిస్కులు

నాకు కుడి ఎడమలు తెలియవు. ఇది సరదాకి చెబుతున్న మాట కాదు. ఆటో అతను "కుడికా, ఎడమకా" అని అడిగితే నేను మనసులోనే అన్నం కలిపి, కలిపిన చేయి ఏ పక్కనుందో చూసుకుని జవాబు చెప్పాలి. ఈలోగా మలుపు దాటిపోతుంది, ఆటో అతను నన్ను అద్దంలోంచి ఒక రకంగా చూస్తాడు. అలాంటి నేను బతుకుతెరువుకి ఎంచుకున్న పని ఏమిటంటే, అచ్చు ఒకే పోలికతో వరసగా నిలబడి ఉన్న కంప్యూటర్ డిస్కుల ముందు మోకాళ్ల మీద కూర్చుని, వాటిలో చచ్చిపోయిన ఒక్కదాన్నే బయటికి లాగడం. ఈ సంగతి అర్థమైనప్పటి నుంచి మా ఇంట్లో వాళ్లకు నవ్వు ఆగలేదు.

డిస్కులన్నీ ఉండే ఆ పెట్టెని మేం స్టోరేజ్ బాక్స్ అంటాం. చూడ్డానికి మందుల షాపులో సొరుగుల్లా ఉంటుంది. ప్రతి సొరుగులో ఒక డిస్కు, ప్రతి డిస్కు ముఖాన ఒక చిన్న దీపం. ఒక డిస్కు పోయినా దాచిన సమాచారం ఏమీ పోదు. మిగిలినవన్నీ కలిసి దాని దగ్గర ఏముందో గుర్తు తెచ్చుకుని చెబుతాయి. అందుకే పెట్టెని ఆపకుండా, అది నడుస్తూ ఉండగానే పాతది తీసి కొత్తది పెడతాం. కానీ ఒకటి పోయి ఉన్నప్పుడు రెండోది కూడా పోతే మాత్రం ఇక గుర్తు తెచ్చుకునేవాళ్లే ఉండరు. మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కొత్త పెట్టెలు రెండు పోయినా తట్టుకుంటాయి గానీ, నేను చెప్పబోయేది పాత పెట్టె.

కాబట్టి మా పనిలో అసలు ప్రమాదం చచ్చిన డిస్కు కాదు. దాన్ని తీయబోయి పక్కనున్న బతికినదాన్ని లాగేసే ఇంజనీరు. ఆ ఇంజనీరుకి కుడి ఎడమలు తెలియకపోతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అందుకే నేను ఎక్కడికి వెళ్లినా రెండుసార్లు చూస్తాను, మూడోసారి ఎవరినైనా పక్కన నిలబెట్టి చూపిస్తాను. కస్టమర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

దసరా సెలవులు అయిన మరుసటి రోజు ఖాజాగూడలోని ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. నేనుండేది హఫీజ్‌పేట్‌లో. పండగ వెళ్లిన రోజు కదా, రోడ్లు ఖాళీగా ఉంటాయనుకుని బయల్దేరాను. అందరూ అలాగే అనుకున్నట్టున్నారు. ఫ్లైఓవర్ మీద కదలకుండా కూర్చుని, ముందున్న బండికి కట్టిన నిమ్మకాయలు, మిరపకాయలు చూస్తూ చేరేసరికి నా సహనం సగం అయిపోయింది. ఆ ఆఫీసు పార్కింగ్‌లో పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు ఇంకా ఎవరూ ఎత్తలేదు. వాటి మీద కాలు వేసి జారి, గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆదిలోనే హంసపాదు అనుకున్నాను.

అది చూపు లేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే చిన్న సంస్థ. పైన చెరువు వైపు కిటికీలున్న హాలు, లోపల గాజు తలుపుల రికార్డింగ్ గది, చివరన ఇరుకైన సర్వర్ గది. కంప్యూటర్ల వ్యవహారం చూసే ఆయన గోదావరి వైపు మనిషి, నలభై దాటినవాడు, మర్యాదస్తుడు. పండక్కి ఊరెళ్లి ఆ ఉదయమే బస్సు దిగి నేరుగా వచ్చారట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సమస్య ఏమిటో నడుస్తూనే చెప్పేశారు. పొద్దున పెట్టె ఆన్ చేశారు, ఒక డిస్కు లేవలేదు. మిగిలినవన్నీ బాగానే ఉన్నాయి, పాఠాలు తెరుచుకుంటున్నాయి.

"ఆన్ చేశారా? ఆపారెందుకు?" అని అడిగాను. ఈ పెట్టెలు ఏళ్ల తరబడి ఆగకుండా తిరుగుతాయి. ముసలి డిస్కుని ఒకసారి ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. ఆయుధ పూజ కదండీ, పనిముట్టుకి ఆ రోజు విశ్రాంతి ఇవ్వాలన్నారు, నేను ఊరి నుంచి ఫోన్‌లో ఎలా ఆపాలో చెప్పానండి అన్నారాయన. సర్వర్ గది తలుపు తీస్తే అగరొత్తుల వాసన గుప్పుమంది. పెట్టె మీద బంతిపూల దండ, కింద రెండు నిమ్మకాయలు. ప్రతి డిస్కు ముఖాన గంధం, దాని మీద కుంకుమ. ఎవరు పెట్టారో గానీ ఓపికగా, భక్తిగా, ఒక్కటి కూడా వదలకుండా పెట్టారు. బొట్టు పెట్టడానికి వాళ్లకు అనువుగా దొరికిన చోటు డిస్కు ముఖాన ఉన్న ఆ చిన్న గుంట. దీపం ఉండేది సరిగ్గా ఆ గుంటలోనే.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడే ఒకామె తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. యాభై దాటి ఉంటుంది. నేత చీర, నెరిసిన జడ, మెడ కింద పక్కనుంచి పక్కకి సన్నని కోత గీత. ఆమె నోరు కదిలింది గానీ నాకు ఏమీ వినపడలేదు. దగ్గరికి వెళ్తే గాలి లాంటి గుసగుస వినిపించింది.

"బిడ్డా, నా గొంతు గీ డబ్బాల్నే ఉన్నదట. పోతదా?"

నాకు అర్థం కాలేదు. ఆయన పక్కకు పిలిచి చెప్పారు. ఇక్కడున్న పాఠాల్లో దాదాపు అన్నీ ఆమె చదివినవే. బడిలో తెలుగు టీచరుగా పనిచేసి, ఆ తర్వాత ఈ గాజు గదిలో కూర్చుని ఏళ్ల పాటు చదివింది. కిందటేడాది గొంతులో గడ్డకి దవాఖానాలో ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. ఇప్పుడు ఇతరులు చదివినవి విని తప్పులు చూస్తోంది. మరి ఇంకో కాపీ ఎక్కడుందని అడిగాను. ఆయన నేల వైపు చూశారు. పాత ఆఫీసులో ఉన్నప్పుడు ఇంకో పెట్టెలోకి కాపీ వెళ్లేదట. ఇక్కడికి మారినప్పుడు ఆ పెట్టె పాడైంది. కొత్త ఏర్పాటు దసరా తర్వాత చేద్దామనుకున్నారు.

దసరా తర్వాత అంటే ఈ రోజే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక ఆ నిమ్మకాయల మీద చూపించాను, కాలితో పక్కకి నెట్టాను. ఆమె వంగి వాటిని తీసి జాగ్రత్తగా హాలు కిటికీలో పెట్టింది. నాకు సిగ్గేసింది.

సరే, పని మొదలుపెట్టాను. మణికట్టుకి పట్టీ కట్టుకున్నాను, ఒంట్లోని కరెంటు డిస్కుకి తగలకుండా అది కట్టుకోవాలి. స్క్రీన్ మీద చూశాం. నాలుగో స్థానంలోని డిస్కు కనపడటం లేదని ఎర్ర అక్షరాలు. "నాలుగండీ. అది లాగేస్తే అయిపోయింది కదండీ" అన్నారాయన. ఆయనకి తొందరగా ఉంది, నిద్ర కూడా వస్తోంది. నేను పెట్టె ముందు కూర్చుని ఎడమ నుంచి లెక్కపెట్టాను. ఎడమ అంటే అన్నం తినని చేయి. మనిషి ఒకటి నుంచి లెక్కపెడితే ఈ పెట్టె సున్నా నుంచి లెక్కపెడుతుంది, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. నా వేలు ఒక డిస్కు దగ్గర ఆగింది. పిడి మీద బొటనవేలు పెట్టాను.

చచ్చిన డిస్కుకి నారింజ రంగు దీపం వెలగాలి. బతికినవాటికి పచ్చ. ఇక్కడ బొట్టు తప్ప ఏమీ కనపడటం లేదు. గుంట తుడుద్దామని గుడ్డ అడిగాను. ఆమె ముందుకు వచ్చి కొంగుతో ఒక్కో బొట్టూ తానే తుడిచింది. పైది పోయింది గానీ, గుంటలోకి దిగి గట్టిపడిన కుంకుమ రాలేదు. దీపాలన్నీ ఆ ఎర్రటి పొర వెనక నుంచి ఒకేలా మసకగా వెలుగుతున్నాయి. పచ్చ ఏదో నారింజ ఏదో చెప్పలేం. పుల్లతో గీకుదామంటే ఆ దీపం ముందున్న గాజు ముక్క పలచనిది, విరిగి లోపల పడితే అదో తద్దినం.

రంగు లేకపోతేనేం, స్థానం తెలుసు కదా అనుకున్నాను. మళ్లీ పిడి మీద వేలు పెట్టాను. అప్పుడు ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

"బిడ్డా, జర ఆగు. నేను మొన్న ఇవ్వన్ని బయటికి తీసిన."

నేను వేలు తీసేశాను. ఆమె గుసగుసగా చెబుతుంటే మధ్యమధ్యలో ఊపిరి అందడం లేదు. పూజ అంటే పైపైన బొట్టు పెట్టడమా? ఇంట్లో కత్తిపీట అయినా కడిగి ఆరబెట్టి పెడతాం కదా. తన గొంతు ఉన్న డబ్బా మరి. అందుకని పెట్టె ఆపాక ఆమె డిస్కులన్నిటినీ ఒక్కొక్కటే తీసి, పట్టు గుడ్డ మీద పేర్చి, దుమ్ము దులిపి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, మళ్లీ లోపల పెట్టింది. అన్నీ ఒకేలా ఉన్నాయి గనుక ఏది ఎక్కడ పెట్టినా ఒకటే అనుకుంది.

"ఏది యాడ పెట్టిన్నో యాదికి లేదు బిడ్డా" అంది.

గోదావరి ఆయన కుర్చీలో కూలబడ్డారు. డిస్కులు తీసిన సంగతి ఆయనకీ అప్పుడే తెలిసింది. నాకు మాత్రం బుర్ర తిరిగిపోయింది. క్లాసులో పిల్లలు బెంచీలు మారి కూర్చుంటే టీచరు ముఖాలు చూసి గుర్తుపడుతుంది. పెట్టె కూడా అంతే, డిస్కులు చోటు మారినా వాటి లోపలి గుర్తుల్ని బట్టి ఎవరెవరో పోల్చుకుని పని చేసుకుపోయింది. కానీ చచ్చిన డిస్కు ముఖం ఎలా చూస్తుంది? అది పలకదు. అందుకని అది చివరిసారి ఎక్కడ కూర్చుందో ఆ చోటు పేరు చెబుతోంది. నాలుగు అనేది పండగ ముందటి చిరునామా. ఇప్పుడు నాలుగులో కూర్చున్నది ఎవరో బతికిన డిస్కు కావచ్చు. దాన్నే నేను లాగబోయాను, అదీ రెండుసార్లు.

ప్రతి డిస్కుకీ ఒక నంబరు ఉంటుంది. చచ్చినదాని నంబరు స్క్రీన్ మీద ఉంది. కానీ ఆ నంబరు డిస్కు పక్క భాగాన అతికించి ఉంటుంది, బయటికి లాగితేగానీ కనపడదు. నంబరు చూద్దామని కాస్త లాగినా బతికినదైతే పని అయిపోయినట్టే. పెట్టె మళ్లీ ఆపి చూద్దామా అన్నారాయన. వద్దన్నాను. ఒక్కసారి ఆపినందుకే ఒకటి పోయింది, ఇంకోసారి ఆపితే ఇంకెవరు లేవరో ఏం తెలుసు? మా కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి, నారింజ దీపం ఉన్నది తీయండి మేడమ్ అన్నాడు. బొట్టు సంగతి చెప్పాను. నారింజ దీపం ఉన్నది తీయండి అని అతను మళ్లీ అదే అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఆ గదిలో నేలమీద కూర్చుండిపోయాను. నిజంగానే ఏం చేయాలో తోచలేదు. ఆమె నా ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. మెడ మీది గీతని వేలితో తడుముకుంటూ పెట్టె వైపే చూస్తోంది. తన చేత్తో తానే చేసుకున్నానని ఆమె అనుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఓదార్చాలనిపించింది గానీ, ఏం కాదమ్మా అనే మాట నా నోటికి రాలేదు, ఎందుకంటే ఏం కాదని నాకే తెలియదు.

ముందు ఉన్నదాన్ని ఎంత వీలైతే అంత బయటికి కాపీ చేద్దామన్నాను. ఆయన దగ్గర జేబులో పట్టే చిన్న డ్రైవ్ ఒకటి ఉంది. అందులో అన్నీ పట్టవు. ఏవి ముందు తీయాలని ఆమెనే అడిగాం. చిన్న తరగతుల కథలున్నాయి, పాటలు, పద్యాలు ఉన్నాయి. అవి చదివేటప్పుడు ఆమె నవ్వుతూ చదివేదని, గాజు బయట నిలబడి అందరూ వినేవాళ్లని ఆయన అంతకుముందే చెప్పారు.

"పదో తరగతివి తియ్యి. పిల్లలకు పరీక్షలున్నయి" అంది ఆమె.

కాపీ మొదలైంది. నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూద్దామని ఆయన ఒక పాఠం స్పీకర్లో పెట్టారు. ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత నిండుగా, గుండ్రంగా, ఎండాకాలం కుండలో నీళ్లలాంటి గొంతు గదంతా వినిపించింది. "పిల్లలూ, బాగున్నారా? అందరూ వచ్చి కూర్చున్నారా? అయితే మొదలుపెడదాం." ప్రతి పాఠం అలాగే మొదలవుతుందట. నేను అప్రయత్నంగా తలుపు వైపు చూశాను, ఎవరొచ్చారా అని. ఆ గొంతుకీ నా ఎదురుగా కూర్చున్న మనిషికీ సంబంధం కలపడానికి నాకు సమయం పట్టింది. ఆమె పెదాలు పాఠంతోపాటే కదులుతున్నాయి.

అప్పుడు పెట్టె వైపు చూశాను. కుంకుమ వెనక దీపాలు వణుకుతున్నాయి.

డిస్కు నుంచి ఏదైనా చదువుతున్నప్పుడు దాని దీపం మిణుకుమిణుకుమంటుంది. ఇంతసేపూ ఎవరూ ఏమీ చదవడం లేదు కాబట్టి అన్నీ స్థిరంగా వెలిగాయి. ఇప్పుడు పాఠాలు బయటికి వస్తున్నాయి, పాఠం ముక్కలు అన్ని డిస్కుల మీదా పరుచుకుని ఉంటాయి గనుక అన్నీ పని చేస్తున్నాయి. రంగు తెలియకపోయినా కదలిక తెలుస్తోంది. నేను లేచి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే చూశాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఒక్కటి మాత్రం కదలడం లేదు. ఎర్రగా, మొద్దుగా, రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. అది నాలుగో స్థానం కాదు. దాని దరిదాపుల్లో కూడా లేదు.

నా మీద నాకు నమ్మకం లేదు. కంప్యూటర్ దగ్గరికి వెళ్లి తిరిగొస్తే అది ఏ డిస్కో మర్చిపోతాను. ఆమెని పిలిచి, ఆమె చూపుడు వేలు ఆ డిస్కు కింద పెట్టించి, నేను చెప్పేదాకా తీయవద్దన్నాను. ఆయన్ని పిలిచి, ఏది మిణుకుమనడం లేదో మీరే చెప్పండన్నాను. ఆయన కళ్లు నులుముకుని చూసి, టీచరు గారి వేలున్నదే అండి అన్నారు. కాపీ, పాఠం రెండూ ఆపించి చూశాం, అన్నీ నిలకడగా వెలిగాయి. మళ్లీ మొదలుపెట్టాం, అదొక్కటి తప్ప అన్నీ వణికాయి. పదో తరగతివి పూర్తయ్యేదాకా ఆగాం. ఆమె వేలు అక్కడే ఉంది.

ఇక లాగాలి. పాఠం ఆపమంటారా అని ఆయన అడిగారు. వద్దన్నాను. గొంతు వస్తూ ఉంటే పెట్టె బతికున్నట్టు, ఆగితే మిగిలిన కథలూ పాటలూ పోయినట్టు. ఆ మాట పైకి అనలేదు గానీ ఆమెకి అర్థమైంది. కళ్లు మూసుకుంది. నేను పిడి నొక్కి, డిస్కుని వేలెడంత బయటికి లాగి, అక్కడే పట్టుకుని ఆగాను. లోపల తిరుగుతున్నదైతే ఆగేదాకా అలా పట్టుకోవాలి, లేకపోతే దెబ్బతింటుంది. ఇది తిరగడం లేదు. నా చేతికి ఏ వణుకూ తగల్లేదు. చెవులు మాత్రం స్పీకరు మీదే ఉన్నాయి. పాఠంలో ఆమె ఒక వాక్యం పూర్తిచేసి ఆగింది. ఊపిరి పీల్చుకోవడానికి ఆగిందో, డబ్బా ఆగిందో తెలియదు. అంత పొడుగు నిశ్శబ్దం నేను నా జీవితంలో వినలేదు. తర్వాత వాక్యం మొదలైంది.

డిస్కు బయటికి తీసి పక్కనున్న నంబరు చదివాను. స్క్రీన్ మీది నంబరుతో సరిపోయింది. మళ్లీ చదివించాను, సరిపోయింది. కొత్తది పెట్టాను. లోపల ఎక్కడో సన్నగా గిర్రున తిరగడం మొదలైంది. ఆయన చేతులు జోడించారు. ఇల్లలకగానే పండగ కాదండీ అన్నాను, ఇప్పుడు మిగిలిన డిస్కులన్నీ కలిసి తమకు గుర్తున్నది కొత్తదానికి నేర్పించాలి, రేపటిదాకా పడుతుంది, ఈలోగా ఇంకోటి పోతే మళ్లీ మొదటికే వస్తాం. ఎవరూ ముట్టుకోవద్దు, తుడవొద్దు, పూజ చేయొద్దు. చివరి మాట కాస్త గట్టిగానే అన్నట్టున్నాను.

వెళ్లబోతుంటే ఆమె కుంకుమ భరిణ పట్టుకుని కొత్త డిస్కు ముందు నిలబడి ఉంది. నా వైపు చూసింది. బొట్టు లేకుండా అది ఒక్కటే బోడిగా ఉంది మరి. చివరికి ఆమె వేలు పట్టుకుని, దీపానికి దూరంగా పెట్టె అంచు మీద పెట్టించాను. అది కుడి పక్కో ఎడమ పక్కో నన్ను అడగొద్దు.

మరుసటి రోజంతా నాకు మనసు ఎక్కడా నిలవలేదు. ఇంకో కస్టమర్ దగ్గర పని చేస్తూ ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. సాయంత్రం హఫీజ్‌పేట్ స్టేషన్‌లో దిగి మెట్ల వైపు నడుస్తుంటే గోదావరి ఆయన ఫోన్ వచ్చింది. ఎత్తాను. అటు నుంచి మాట లేదు. ఎవరిదో ఊపిరి వినిపించింది, కష్టంగా తీసుకుంటున్న ఊపిరి. పోయింది, మొత్తం పోయింది అనుకున్నాను. ఆమె ఏదో చెప్పాలని చూస్తోంది, రైలు చప్పుడులో గుసగుస అందడం లేదు. అమ్మా, ఏమైందమ్మా అని అడుగుతూనే ఉన్నాను. ఊపిరి దూరంగా జరిగింది. ఏదో నొక్కిన చప్పుడు.

"పిల్లలూ, బాగున్నారా? అందరూ వచ్చి కూర్చున్నారా?"

ప్లాట్‌ఫాం మీద నిలబడిపోయాను. వెనక వస్తున్నవాళ్లు నన్ను తోసుకుని, గొణుక్కుంటూ పోతున్నారు. అది రికార్డు అని, నా మాట దానికి వినపడదని తెలుసు. అయినా బాగున్నానమ్మా అన్నాను.